మిషనమ్మ కొన్న కారు

ఆసుపత్రిలో ఆమెను అందరూ మిషనమ్మ అనేవారు. మూత్రపిండాలు చెడిపోయినవాళ్ళ రక్తాన్ని శుభ్రం చేసే డయాలిసిస్ మిషన్ల దగ్గర ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. గొట్టాలు అమర్చడం, సూదులు గుచ్చడం, నాలుగేసి గంటలు మనిషినీ మిషన్‌నూ కనిపెట్టుకుని ఉండడం. మిషన్ కూత పెట్టకముందే దాని శబ్దంలో తేడా పసిగట్టి లేచి నిలబడేది. మనుషుల భాష కంటే మిషన్ల భాషే ఆమెకు బాగా వచ్చని తోటివాళ్ళు నవ్వేవారు. ఇంట్లోవాళ్ళూ అదే మాట అనేవారు, నవ్వకుండా.

నాలుగేళ్ళ కిందట ఆ ఆసుపత్రివాళ్ళు తొంభై కిలోమీటర్ల దూరంలోని చిన్న పట్నంలో ఒక శాఖ తెరిచారు. ఎనిమిది కుర్చీలు, ఎనిమిది మిషన్లు. కొత్తగా చేరిన పిల్లలకి పని చేతికి వచ్చేదాకా సీనియర్ ఒకరు అక్కడ ఉండాలన్నారు.

"ఆరు నెలలే మేడమ్. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తారు" అన్నాడు మేనేజరు.

ఆరు నెలలు ఏడాదయ్యాయి. ఏడాది నాలుగేళ్ళయింది. మేనేజర్లు ఇద్దరు మారారు. పని నేర్చుకున్న పిల్లలు నేర్చుకున్నట్టే వేరే ఆసుపత్రులకి ఎగిరిపోయారు. మిషనమ్మ మాత్రం అక్కడే ఉండిపోయింది. తెల్లవారుజామున లేచి, వంట ముగించి, మొదటి బస్సు పట్టుకుని, సగం దారిలో దిగి, రెండో బస్సు ఎక్కి, ఏడు గంటల బ్యాచ్‌కి అందుకునేది. సాయంత్రం మళ్ళీ అదే దారి వెనక్కి. బస్సు సీట్ల కింద ఇనప చట్రం ఎక్కడెక్కడ పొడుచుకొస్తుందో ఆమె నడుముకి కంఠతా వచ్చేసింది. నలభై ఆరేళ్ళకే కూర్చుంటే లేవలేక, లేస్తే కూర్చోలేక అవస్థపడేది.

భర్త ఇంటి కిందనే జిరాక్స్ షాపు నడిపేవాడు. అంతకుముందు టైపు నేర్పించే ఇన్‌స్టిట్యూట్ ఉండేది. టైపు మిషన్లకి కాలం చెల్లాక దాన్నే జిరాక్స్ షాపుగా మార్చాడు. మెట్లు దిగితే ఉద్యోగం, మెట్లెక్కితే ఇల్లు. నడుము నొప్పి గురించి ఆమె ఎత్తినప్పుడల్లా, "బస్సులో ఊరికే కూర్చోవడమేగా, నేను రోజంతా నిలబడే ఉంటాను" అనేవాడు. ఒక్కగానొక్క కూతురు బడిలో ఆఖరి తరగతికి రాబోతోంది. తల్లి లేచేసరికి ఆ పిల్ల నిద్రలో ఉండేది. తల్లి వచ్చేసరికి పుస్తకంలో తల దూర్చి ఉండేది.

ఒకరోజు రెండో బస్సు రాలేదు. చేతులూపినా ఏ బండీ ఆగలేదు. చివరికి ఒక పాల వ్యాను ఎక్కి చేరేసరికి తొమ్మిదిన్నర. ఎనిమిది కుర్చీల్లో ఎనిమిది మందీ చేతులు చాపుకుని ఎదురుచూస్తున్నారు. కొత్తగా వచ్చిన కుర్రటెక్నీషియన్ ఒక పెద్దావిడ చేతికి మూడుసార్లు సూది తప్పించి, మోచేయి దాకా నల్లగా కమిలిపోయేలా చేశాడు. ఆవిడ ఏడవనైనా ఏడవలేదు. "ఇవాళ నువ్వు రావేమో అనుకున్నానమ్మా" అంది, అంతే.

ఆ మాట మిషనమ్మను నిలువునా కోసేసింది. కారు కొనాలని ఆమె అనుకున్నది ఆ రోజే.

కారు నడపడం ఆమెకు కొత్త కాదు. పెళ్ళికి ముందు నాన్న సామాన్ల వ్యాను ఆమే తోలేది. పెళ్ళయ్యాక స్టీరింగ్ ముట్టుకునే పని పడలేదు, ఎవరూ ముట్టుకోమని అననూ లేదు. కొత్త కారు తన వల్ల అయ్యే పని కాదు కాబట్టి పాతదే చూడాలి. పాత కారంటే దాని వెనక పాత సంగతులు కూడా ఉంటాయి. ఆ సంగతులు చదవగలిగిన మనిషి ఆమెకు మూడో నంబరు కుర్చీలో దొరికాడు.

ఆయన్ని అందరూ మేస్త్రి అనేవారు. నలభై ఏళ్ళు కార్ల షెడ్డు నడిపినవాడు. ఇప్పుడు వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు గొట్టాలకి కట్టుబడి కూర్చునేవాడు. గొంతు గట్టిగా పెగిలేది కాదు గానీ మాట మాత్రం సూటిగా ఉండేది.

"కారు కొనాలి మేస్త్రిగారూ. రోజూ నూట ఎనభై కిలోమీటర్లు తిరగాలి. ఏది మంచిది?" అని అడిగింది, ఆయన చేతికి పట్టీ బిగిస్తూ.

"మంచి కారని ఒకటుండదమ్మా. నీకు మంచిది, ఇంకొకడికి మంచిది అని ఉంటుంది" అన్నాడు మేస్త్రి. "కొనేవాళ్ళందరూ వెళ్ళగానే బానెట్ ఎత్తుతారు. ఎత్తి, పెళ్ళిచూపుల్లో మావగారిలా గంభీరంగా తలాడిస్తారు. నువ్వు ముందు కూర్చో. ఒక్క నిమిషం కాదు, గంటసేపు కూర్చో. నీ నడుముండేది ఇంజిన్లో కాదు, సీట్లో."

నాలుగు గంటల్లో మూడు గంటలు ఆయన అదే పాఠం చెప్పాడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. మనం వెళ్ళేసరికే అది వెచ్చగా ఉందంటే అమ్మేవాడు ఏదో దాస్తున్నాడన్నమాట. మీటరు మీద అంకెలు నమ్మొద్దు. బ్రేకు పెడలు మీద రబ్బరు ఎంత అరిగిందో చూడాలి. ఏ ఊళ్ళో ఆగిపోయినా విడిభాగాలు దొరికే మామూలు కారై ఉండాలి. "ఇంకొకటి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చూడు. వరదనీళ్ళలో మునిగిన కారుని ఎంతైనా కడుగుతారు గానీ, చుట్టలో లోపలుండే బెల్టుని ఎవడూ కడగడు" అన్నాడు. కుర్చీలో వాలినవాడు అది చెప్పడానికి లేచి కూర్చోబోయాడు. మిషన్ కూత పెట్టింది. "కదలకండి" అని కసిరి, గొట్టం సరిచేసి, మళ్ళీ వింది.

ఇంటికెళ్ళి సంగతి చెబితే భర్త, "మా తమ్ముడికి చెబుతా. వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు" అన్నాడు. మరిది చేయని వ్యాపారం లేదు, ఏదీ ఏడాది దాటిందీ లేదు. కానీ కారు చూడకముందే వద్దని ఆమె ఎలా అంటుంది?

నాలుగు రోజులకే మరిది వచ్చాడు. వచ్చింది ఒక్కడే అయినా పదిమంది వచ్చినంత హడావిడి.

"వదినా, నీ అదృష్టం చూడు! ఎర్ర కారు. డాక్టరుగారు వాడింది. వారానికోసారి క్లబ్బుకి తప్ప బయటికి తీయలేదు. అద్దంలా ఉంది. వేరేవాళ్ళు ఎగరేసుకుపోయేలోపు మనం పట్టేయాలి."

కారు నిజంగానే అద్దంలా ఉంది. దాని తలుపు మీద తన మొహం చూసుకుని కూతురు జుట్టు సర్దుకుంది. భర్త చేతులు వెనక్కి కట్టుకుని, కొనేసినవాడిలా దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మిషనమ్మ బానెట్ మీద అరచేయి ఆనించింది. వేడిగా ఉంది.

"ఇప్పుడే తోలుకొచ్చాను కదా వదినా" అన్నాడు మరిది, ఆమె నోరు తెరవకముందే.

అది నిజమే కావచ్చు. ఆమె లోపల కూర్చుంది. సీటు మెత్తగా దిగిపోయింది. సెంటు వాసన గుప్పుమంది. డాక్టరు కారుకి అంత సెంటు ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. బెల్టు పట్టుకుని లాగింది. బారెడు దాకా తళతళలాడుతూ వచ్చింది. ఇంకా లాగింది. చివరి జానెడు ముక్క మట్టిరంగులో ఉంది. గోటితో గీరితే ఎండిన బురద పొడిలా రాలింది. దిగి, డిక్కీ తెరిచి, స్టెప్నీ టైరు ఎత్తి దాని కింద చేయి పెట్టింది. వేళ్ళకి సన్నటి ఒండ్రు అంటుకుంది.

ఆ వేళ్ళు మరిదికి చూపించింది.

"అదేంటి? దుమ్ము. కారన్నాక దుమ్ముండదా?"

"ఇది నీళ్ళలో మునిగిన కారు."

"వదినా, నన్ను దొంగంటున్నావా?"

"కారు మునిగిందంటున్నాను."

"ఒకటే కదా!" అని మరిది గొంతు పెంచాడు. "అన్నయ్యా, చూశావా? ఇంటి మనిషిని పట్టుకుని! సూదులు గుచ్చుకునే మనిషికి కార్ల సంగతేం తెలుసు?"

భర్త అటూ ఇటూ చూసి, "వాడేం కావాలని చేస్తాడా? వాడినీ ఎవడో మోసం చేసుంటాడు. పదిమందిలో అలా అడుగుతావా?" అన్నాడు. అక్కడున్నది నలుగురే, ఆ నలుగురూ ఇంటివాళ్ళే.

మరిది కారు తీసుకుని దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా నెలలు ఆ గడప తొక్కలేదు. ఆ బేరంలో తనకి దక్కాల్సిన వాటా ఎంతో ముందే మాట్లాడుకున్నాడని, కారు మునిగిన సంగతి అతనికి మొదట్నుంచీ తెలుసని, ఆరు నెలల తర్వాత వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. అప్పటికి ఆ కారును ఇంకెవరికో అంటగట్టేశాడు. ఎవరికన్నది ఆమెకు తెలియలేదు. చాలాకాలం దారిలో ఎక్కడ ఎర్ర కారు ఆగిపోయి ఉన్నా తల తిప్పి చూసేది.

భర్త పది రోజులు ముభావంగా ఉన్నాడు. ఏదడిగినా పుల్లవిరుపుగా జవాబు. తమ్ముడిని దూరం చేసిందన్న మాట నోరు తెరిచి అనలేదు గానీ, కంచం పెట్టిన చోట పెట్టినట్టే వదిలేసి లేచేవాడు.

ఆమె ఒక్కర్తే వెతుక్కుంది. ఆదివారాలు తిరిగింది. ఒకచోట కారు బాగుంది, కాగితాలు లేవు. ఒకచోట కాగితాలు బాగున్నాయి, కారు లేదు. రేపు రమ్మన్నారు, ఆ రేపు రాలేదు. ఒక అమ్మకాల యార్డులో మేస్త్రి చెప్పినట్టే, గంటసేపని డ్రైవరు సీట్లో కూర్చుంది. కదలని కారులో, ఎదురుగా గోడని చూస్తూ, వాచీ చూసుకుంటూ. అమ్మే కుర్రాళ్ళు ముందు టీ కావాలా అని అడిగారు, తర్వాత ఒంట్లో బాగుందా అని అడిగారు, ఆ తర్వాత దూరంగా నిలబడి నవ్వుకున్నారు. నలభయ్యో నిమిషంలో నడుము కింద మంట మొదలైంది. దిగి, థాంక్స్ చెప్పి వచ్చేసింది. వెనక నుంచి ఎవడో, "ఆంటీ, కారు ఇల్లు కాదు, కాపురం పెట్టడానికి!" అన్నాడు. ఆమెకూ నవ్వొచ్చింది, కానీ వాళ్ళ ముందు నవ్వలేదు.

చివరికి దొరికినది బూడిదరంగు కారు. తొమ్మిదేళ్ళది. బడి పుస్తకాల కంపెనీలో ఊరూరా తిరిగి రిటైరైన ఒక పెద్దమనిషిది. కంటి చూపు తగ్గి అమ్మేస్తున్నాడు. మీటరు మీద కిలోమీటర్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ ఆయన దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఆయిల్ ఎప్పుడు మార్చాడో, ఏ టైరు ఎక్కడ పంక్చరైందో, ఎవరు బాగుచేశారో, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. ఒకచోట "కుడి తలుపు గీత, తప్పు నాదే" అని కూడా ఉంది.

మేస్త్రి తన డయాలిసిస్ లేని రోజున, వద్దంటున్నా వినకుండా, అద్దె కారు కట్టించుకుని వచ్చాడు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. సైలెన్సర్ దగ్గర వేళ్ళు పెట్టి మసి చూశాడు. తర్వాత మిషనమ్మని నడపమని పక్కన కూర్చున్నాడు. గంటకి పైగా హైవే మీద తిప్పించాడు; గతుకుల మీద, ఎత్తు మీద, లారీల వెనక.

"నడుము?" అన్నాడు ఒక్కసారి.

"ఏమీ లేదు" అంది. నాలుగేళ్ళలో ఎవరైనా ఆ మాట అడగడం, దానికి ఆమె ఆ జవాబు చెప్పడం అదే మొదలు. అద్దంలో తన కళ్ళు తడిగా కనబడితే ఆ నెపం ఎండమీద నెట్టేసింది.

"క్లచ్చి ఏడాదిలో మార్చాలి. వెనక షాక్ అబ్జార్బర్లు ఇంకో ఆర్నెల్లు వస్తాయి. మిగతాదంతా దిట్టం. ఇది అలిసిన కారే గానీ అబద్ధాల కారు కాదు. తీసుకో" అన్నాడు మేస్త్రి.

కారు ఇంటికొచ్చిన రోజు భర్త కిటికీలోంచి చూసి, "ఈ ముసలిదాని కోసమా ఇన్ని ఆదివారాలు?" అన్నాడు. కూతురు ఎక్కి కూర్చుని, "రంగేంటమ్మా, ఏడుపుగొట్టుగా ఉంది" అంది. ఏమన్నా ఆమె చెవిన వేసుకోలేదు.

ఆ కారు ఆమె మాట నిలబెట్టింది. ఎండైనా వానైనా తాళం తిప్పగానే లేచేది. గంటన్నరలో చేరేది. పొద్దున్న ఒక గంట నిద్ర కలిసొచ్చింది, సాయంత్రం ఒక గంట వెలుతురు కలిసొచ్చింది. నడుముకి కట్టుకునే బెల్టు బీరువాలో పడేసింది. దారిలో కిటికీ దించుకుని, ఎప్పుడో మరిచిపోయిన పాటలు, పల్లవులు మాత్రమే గుర్తున్నవి, పాడుకునేది. మేస్త్రి తన నాలుగు గంటలూ అయ్యాక, చేతికి దూది అదుముకుంటూనే బయటికొచ్చి బానెట్ ఎత్తమనేవాడు. ఆయిల్ పుల్ల తుడిచి చూసి, మనవరాలి మార్కులు చూసినట్టు తృప్తిగా తలాడించేవాడు. ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఆమె జీవితంలో మంచి రోజులంటే అవేనని చెప్పుకోవాలి. అవి కూడా పూర్తిగా ఆమెవి కావు. ఆదివారం వస్తే భర్త తరఫు చుట్టాలు ఎవరో ఒకరు, "కారుందిగా, కాస్త దించేసి రా" అనేవారు. ముసలి కారని మొహం చిట్లించిన భర్తే వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని దారి చెప్పేవాడు.

అప్పుడు సొంత ఊరి ఆసుపత్రిలో ఖాళీ వచ్చింది. డయాలిసిస్ విభాగం చూసుకునే ఆవిడ రిటైరైంది. ఆ కుర్చీ ఎవరిదో అందరికీ తెలుసు. తోటివాళ్ళు ఫోన్లు చేసి ముందే అభినందించారు. నాలుగేళ్ళ కిందట "ఖాళీ రాగానే మొదటి పేరు మీదే" అని అప్పటి మేనేజరు కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆమె ఆ కాగితం జతచేసి అర్జీ పెట్టుకుంది. పది నిమిషాలు నడిస్తే ఉద్యోగం. మధ్యాహ్నం ఇంటికొచ్చి కూతురితో కూర్చుని తినొచ్చు. పిల్ల పరీక్షలకి ఇంకా నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలల్లో ఏ రోజు ఏం చేయాలో దారిపొడవునా లెక్కలేసుకుంది.

ఆ ఉద్యోగం ఆమెకంటే తొమ్మిదేళ్ళు చిన్నదైన ఇంకొకరికి ఇచ్చారు.

మిషనమ్మ మేనేజరు గదికి వెళ్ళింది. ఈయన కొత్తాయన, మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు.

"నా తప్పేమైనా ఉందా సార్?"

"అయ్యో, తప్పేంటి మేడమ్! అక్కడ మీరు లేకపోతే ఆ శాఖ నడవదు. అందరికీ తెలిసిందే."

"నాలుగేళ్ళు తిరిగాను సార్. నాకు రాసిచ్చారు."

"తెలుసు. చూశాను. మీకు రోజూ ప్రయాణం కష్టమనే మా బెంగ కూడా. కానీ కారు కొన్నారు కదా. మీవారే చెప్పారు. ఏవో కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు నేనే అడిగాను, మేడమ్‌ని ఇటు వేస్తే ఎలా ఉంటుందని. 'మా ఆవిడకి ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు సార్, కారులో రాణిలా వెళ్ళొస్తోంది. అక్కడి పేషంట్లంటే ప్రాణం, వదిలిపెట్టి రాదు' అన్నారు. ఇంకొకావిడకేమో చంటిపిల్ల. బస్సులో పంపిస్తే బాగుండదు కదా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. "ఆయన ఎప్పుడన్నారు?" అంది.

"నెల దాటింది."

నెల. అంటే ఆమె అర్జీ రాస్తున్న రోజున, పక్కన కూర్చుని దాన్ని మూడు కాపీలు తీసి పిన్ను కొట్టి ఇచ్చింది ఆయనే. అప్పటికే చెప్పేశాడు.

ఇంటికొచ్చేసరికి భర్త షాపులో మిషన్‌కి కాగితాలు పెడుతున్నాడు. కస్టమర్లెవరూ లేరు. ఆమె షట్టరు సగానికి దించింది.

"మేనేజరుతో ఏం చెప్పారు?"

ఆయన తల ఎత్తలేదు. "ఏం చెప్పాను? మాటవరసకి ఏదో అన్నాను. నీ కారు గొప్పే చెప్పాను. అదీ తప్పేనా?"

"అర్జీ పెడుతున్నానని మీకు తెలుసు."

"వాళ్ళు ఇవ్వకూడదనుకుంటే నా మాట ఎంత? నా మాటకి అంత విలువుంటే నేనిలా ఎందుకుంటాను?"

"మీ మాటకే ఇవ్వలేదు. ఆయనే చెప్పాడు."

ఆయన కాగితాల కట్ట కింద పెట్టాడు. తర్వాత, గొంతు పెంచకుండానే, చాలాకాలంగా నాలుక చివరున్న మాట చెప్పినట్టు చెప్పాడు.

"ఒకటి చెప్పనా? నువ్వు ఇంట్లో ఉంటే ఇల్లు ఇల్లులా ఉండదు. గిన్నె ఇక్కడెందుకుంది, లైటెందుకు వెలుగుతోంది, పిల్ల ఎందుకు లేవలేదు. మేము కూడా నీ పేషంట్లమన్నట్టు చూస్తావు. నాలుగేళ్ళుగా ఇక్కడంతా ఒక పద్ధతిలో పడింది. పిల్లకీ నాకూ అలవాటైపోయింది. నీకేం తక్కువ? హాయిగా కారు కొనుక్కున్నావు. వెళ్ళొస్తున్నావు. నిన్నెవరైనా ఆపారా?"

మెట్ల మీద అలికిడైంది. కూతురు సగం మెట్లలో నిలబడి ఉంది. మిషనమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఆ పిల్ల నాన్నను ఖండించలేదు, అమ్మ వైపు రాలేదు. నేల చూపులు చూస్తూ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు మూడో నంబరు కుర్చీలో మేస్త్రి సంగతంతా విన్నాడు.

"నేనే చేశానమ్మా ఈ పని" అన్నాడు. "ఏదో డొక్కు బండి కొనిపించుంటే దారిలో నాలుగుసార్లు ఆగేది, నువ్వు నాలుగుసార్లు ఆలస్యంగా వచ్చేదానివి, వాళ్ళే నిన్ను మీ ఊరికి పంపేవాళ్ళు."

"ఊరుకోండి మేస్త్రిగారూ."

"ఊరుకోక ఏం చేస్తాను? చేతులు కట్టేశావుగా" అన్నాడు, గొట్టాల వైపు చూపిస్తూ. ఇద్దరూ నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

ఆమె పెద్ద గొడవేమీ చేయలేదు. చేసుంటే కనీసం చుట్టాలకి తీర్పు చెప్పే అవకాశమైనా దక్కేది. వారం తర్వాత, శాఖ వెనక వీధిలో ఒక మేడ మీద గది అద్దెకి తీసుకుంది. ఒక కిటికీ, ఒక కుళాయి, గోడలోకి కట్టిన రెండు అరలు. కారును కింద రేకుల పందిరిలో పెట్టుకోనిచ్చారు. శనివారం సాయంత్రం ఇంటికెళ్ళి సోమవారం పొద్దున్నే వచ్చేస్తానని భర్తకి చెప్పింది. ఆయన వద్దనలేదు. "మరి కారు అక్కడెందుకు, వారమంతా ఊరికే నిలబడ్డానికి? ఇక్కడ ఉంచు, తమ్ముడొచ్చి తోలిపెడతాడు" అన్నాడు. అంటే అన్నదమ్ముల మధ్య రాకపోకలు మొదలయ్యాయన్నమాట. తాళాలు ఆమె తన సంచిలో వేసుకుంది.

మొదట ప్రతి శనివారం వెళ్ళింది. తర్వాత ఒక శనివారం ఎమర్జెన్సీ వచ్చింది, మరో శనివారం మిషన్ పాడైంది. అవి నిజంగా జరిగినవే. మూడో శనివారం ఏమీ జరగలేదు. అయినా వెళ్ళలేదు. గదిలో బట్టలు ఉతుక్కుంది, మధ్యాహ్నం పడుకుంది. ఎవరూ ఫోన్ చేయలేదు. సాయంత్రమయ్యేసరికి, వెళ్ళలేదన్న బాధకంటే ఎవరూ అడగలేదన్న బాధ ఎక్కువైంది.

పరీక్షలు ముందుపెట్టుకుని, ఒక ఆదివారం పొద్దున్న కూతురు బస్సులో వచ్చింది. రెండు బస్సులు మారి, దుమ్ము కొట్టుకుపోయి, భుజానికి పుస్తకాల సంచితో. గుమ్మంలో నిలబడి గదిని చూసింది.

"ఈ బస్సుల్లోనా అమ్మా, రోజూ?" అంది.

మిషనమ్మ నీళ్ళిచ్చింది. పిల్ల తాగింది. ఇద్దరూ తిన్నారు. పిల్ల లెక్కలు చేసుకుంటుంటే తల్లి పక్కనే కూర్చుంది. గిన్నె గురించి గానీ లైటు గురించి గానీ ఒక్క మాట అనకుండా, ప్రతి మాటా నోట్లోనే నొక్కేసుకుంటూ. మధ్యాహ్నం దాటాక పిల్ల, తల ఎత్తకుండానే చెప్పింది.

"నీ మంచం మీద జిరాక్స్ కాగితాల కట్టలు పేర్చారమ్మా. కింద చెమ్మ వస్తోందట. నేను వద్దన్నాను."

"ఫర్వాలేదులే. కాగితం చెమ్మకి పాడైపోతుంది."

"బాబాయే పైకి మోశాడు."

"సరే."

"నేను వద్దన్నానమ్మా" అంది పిల్ల మళ్ళీ.

"విన్నాను తల్లీ."

ఎండ వాలకముందే దింపి వద్దామని కారు తీసింది. పిల్ల ముందు సీటు వెనక్కి వాల్చుకుని పది నిమిషాల్లో నిద్రపోయింది. తొంభై కిలోమీటర్లూ ఒక్క కుదుపు లేకుండా నడిపింది మిషనమ్మ. పిల్ల నిద్రలో ఒకసారి పక్కకి ఒరిగి, తల్లి భుజానికి తగిలి, మళ్ళీ సర్దుకుంది.

ఇంటి ముందు ఆపేసరికి భర్త షాపులోంచి బయటికొచ్చాడు. పిల్ల దిగి, సంచి భుజానికేసుకుని, తల్లి వైపు ఒకసారి చూసి మెట్లెక్కింది. మిషనమ్మ ఇంజిన్ ఆపలేదు. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, మొహమాటంగా, షాపుకి వచ్చిన కస్టమరుతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"లోపలికి రా. కూర్చో. టీ తాగి వెళ్ళు."

"వద్దండీ. చీకటి పడకముందే చేరాలి" అంది.

ఆయన తలూపి రెండడుగులు వెనక్కి వేశాడు, బండి తిప్పుకోవడానికి చోటిస్తూ. "రైట్ కొట్టు… ఇంకొంచెం… రానీ… చాలు, చాలు" అని చేతులతో సైగలు కూడా చేశాడు. ఆయనకి నడపడం రాదు. ఆమె ఆ సైగలు చూడకుండానే తిప్పుకుని వెళ్ళిపోయింది.